అస్సీసి ఫ్రాన్సిస్ చరిత్రలు: కుష్ఠరోగి సన్నివేశ పరిణామం

ప్రస్తావన

అస్సీసి ఫ్రాన్సిస్ 1226 అక్టోబరు 3న మరణించాడు. రెండేళ్లు తిరగకముందే, 1228 జూలై 16న, పోపు తొమ్మిదవ గ్రెగొరీ ఆయనను పునీతుడిగా ప్రకటించాడు. ఆ తరువాతి ముప్పై అయిదేళ్లలో ఆయన జీవితచరిత్ర పలుమార్లు రచింపబడింది. 1266లో పారిస్‌లో జరిగిన ఫ్రాన్సిస్కన్ సభ మహాసమావేశం బొనవెంతూర రాసిన చరిత్రను మాత్రం నిలుపుకొని, అంతకు ముందరి చరిత్రలన్నింటినీ తొలగించాలని తీర్మానించింది. ఒక గురువును అమితంగా ప్రేమించిన సంఘమే ఆయన గురించి తన సభ్యులు రాసిన గ్రంథాలను రూపుమాపదలచడం భక్త చరిత్రల అధ్యయనంలో ఆగి ఆలోచించవలసిన ఘట్టం.

ఆ చరిత్రలను సమగ్రంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. వాటన్నింటిలోనూ కనిపించే ఒక్క సన్నివేశాన్ని, ఫ్రాన్సిస్ కుష్ఠరోగిని కలుసుకున్న ఘట్టాన్ని, తీసుకొని అది ఒక గ్రంథం నుంచి మరో గ్రంథానికి ఎలా మారిందో చూపడం దీని పరిధి. ఫ్రాన్సిస్ స్వయంగా చెప్పిన మాటల్లో కుష్ఠరోగులు బహువచనంలో ఉన్నారు. ఆయన వారి మధ్యకు వెళ్లాడు. చరిత్రకారుల చేతుల్లో ఆ గుంపు ఒక్క మనిషిగా కుదించుకుపోయింది. ఆపైన ఆ ఒక్కడు కూడా మాయమయ్యాడు. ఈ పరిణామంలో పునీతుడి మహిమ పెరిగింది. ఆయన మారడానికి కారణమైన మనుషులు మాత్రం కథలో పక్కకు జరిగారు. ఇదీ ఈ వ్యాసంలో నిరూపించదలచిన విషయం.

ఆకర గ్రంథాలు

ఈ చర్చకు ఆధారమైన రచనలు అయిదు. మొదటిది ఫ్రాన్సిస్ తన చివరి నెలల్లో, 1226లో, చెప్పి రాయించిన ‘మరణశాసనం’. రెండవది చెలానో థామస్ రాసిన ‘మొదటి చరిత్ర’. పోపు గ్రెగొరీ ఆదేశంతో మొదలైన ఈ రచన 1229 నాటికి పూర్తయింది. మూడవది అదే థామస్ 1246-47లో రాసిన ‘రెండవ చరిత్ర’. ఫ్రాన్సిస్‌ను ఎరిగినవారు తమ జ్ఞాపకాలను రాసి పంపాలని 1244లో సభ కోరగా వచ్చిన సామగ్రి దీనికి ఆధారం. ‘ముగ్గురు సహచరుల చరిత్ర’ నాలుగవది. దాని ముందున్న లేఖ మీద 1246 ఆగస్టు 11 తేదీ ఉన్నా, గ్రంథం కాలం గురించి పండితుల్లో వాదోపవాదాలున్నాయి. అయిదవది సభాధిపతి హోదాలో బొనవెంతూర రాసి 1263 సమావేశానికి సమర్పించిన ‘లెజెండా మాయోర్’, అంటే పెద్ద చరిత్ర.

ఇక్కడ ‘లెజెండా’ అనే లాటిన్ మాటను గమనించాలి. దాని అర్థం ‘చదవవలసినది’. భోజనశాలలోనూ ఆరాధనలోనూ నలుగురి ముందు బిగ్గరగా చదవడానికి ఉద్దేశించిన గ్రంథం అది. మన పరిభాషలో చెప్పాలంటే పారాయణ గ్రంథం. సభ్యులందరూ ఒకే పాఠాన్ని వినాలన్న కోరిక 1266 నాటి తీర్మానం వెనుక ఉంది. పేదరికాన్ని ఎంత కఠినంగా పాటించాలన్న ప్రశ్న మీద చీలిపోతున్న సభకు ఏకవాక్యత అవసరమైంది. అందుకే ఆ తీర్మానాన్ని కేవలం దురుద్దేశంగా చూడడం సరికాదు.

తీర్మానం పూర్తిగా నెరవేరలేదు. సిస్టెర్షియన్ మఠాలు మొదలైన ఇతర సంఘాల గ్రంథాలయాల్లో థామస్ రచనలు బతికాయి. మొదటి చరిత్ర 1768లోనూ రెండవది 1806లోనూ అచ్చయ్యాయి. పోల్ సబాతియే రాసిన ఫ్రాన్సిస్ జీవితచరిత్ర పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకంలో వెలువడి ఆధునిక చర్చకు తెర తీసింది. 1894లో అది చర్చి నిషిద్ధ గ్రంథాల పట్టికకెక్కింది. ఈ ఆకరాల చర్చ నేటికీ ముగియలేదు. థామస్ 1230లలో రాసిన మరో సంక్షిప్త చరిత్రను జాక్ దలారున్ ఇటీవలనే, 2014లో, గుర్తించాడు.

మరణశాసనంలో బహువచనం

మరణశాసనం కుష్ఠరోగుల ప్రస్తావనతోనే మొదలవుతుంది. తాను పాపంలో ఉన్న రోజుల్లో కుష్ఠరోగులను చూడడమే తనకు మహా చేదుగా ఉండేదనీ, ప్రభువే తనను వారి మధ్యకు నడిపించాడనీ, వారితో తాను కరుణతో మెలిగాననీ, వారిని విడిచి వచ్చేటప్పుడు మునుపు చేదైనది ఆత్మకూ శరీరానికీ తీపిగా మారిందనీ, ఆ తరువాత కొద్దికాలానికే లోకాన్ని వదిలిపెట్టాననీ ఫ్రాన్సిస్ చెబుతాడు. ఆయన ఆత్మకథలో మార్పు ఘట్టం ఇంతే.

ఈ కొద్ది వాక్యాల్లో లేనివి ఉన్నవాటికంటే ఆశ్చర్యం కలిగిస్తాయి. బట్టల వర్తకుడైన తండ్రి పియెత్రో బెర్నర్దోనె లేడు. బిషప్పు ఎదుట వస్త్రాలు విడిచి తండ్రికి అప్పగించిన ప్రసిద్ధ ఘట్టం లేదు. కలలు లేవు. సాన్ దమియానో గుడిలో శిలువ పలికిన మాట లేదు. ఇవన్నీ ఫ్రాన్సిస్ పేరు వినగానే పాఠకుడికి స్ఫురించే సంఘటనలు. మరణం ముంగిట తన జీవితాన్ని వెనుదిరిగి చూసుకున్న మనిషి వీటిలో ఏ ఒక్కదాన్నీ ఎత్తుకోలేదు. కుష్ఠరోగులను మాత్రమే తలచుకున్నాడు.

భాషాపరంగా మూడు అంశాలు గమనార్హం. ఒకటి, బహువచనం. రెండు, విభక్తి. కరుణ ‘వారిపై’ చూపినట్లు కాక ‘వారితో’ నెరపినట్లు లాటిన్ వాక్యం ఉంది. ఇది బైబిలు నుడికారమే కనుక దానిపై మోయలేని భారం వేయకూడదు. అయినా ‘వారి మధ్యకు’ అన్న మాట పక్కన నిలిచినప్పుడు ఆ ‘తో’ ప్రత్యయం సహవాసాన్ని ధ్వనిస్తుంది. మూడు, అనుభవాన్ని చెప్పిన తీరు. చేదు, తీపి నాలుకకు సంబంధించిన మాటలు. తాను గెలిచానని గానీ, తనను తాను జయించానని గానీ ఫ్రాన్సిస్ అనలేదు, రుచి మారిందన్నాడు. గెలుపును మనిషి సాధిస్తాడు. రుచి మారడం అతనికి జరుగుతుంది.

ఆ బహువచనానికి భౌగోళికమైన ఆధారం కూడా ఉంది. కుష్ఠరోగులు కలిసి జీవించేచోట వారికి ప్రత్యేకంగా గుడి, శ్మశానవాటిక, గురువు ఉండవచ్చని 1179 నాటి మూడవ లాటరన్ మహాసభ అనుమతించింది. అంటే వారు అప్పటికే వేరుపడిన సమూహం. అస్సీసి పట్టణం కొండవాలు మీద ఉంటుంది. కుష్ఠరోగుల ఆశ్రయాలు దిగువ మైదానంలో ఉండేవి. ఫ్రాన్సిస్ సభకు పుట్టిల్లయిన పొర్జియుంకొల కూడా ఆ మైదానంలోనిదే. వర్తకుడి కొడుకు పట్టణం దిగి వెళ్లిన చోట ఒక సమాజం ఉంది.

మొదటి చరిత్ర నుంచి పెద్ద చరిత్ర దాకా

చెలానో థామస్ మొదటి చరిత్ర మరణశాసనానికి దగ్గరగా నడుస్తుంది. ఫ్రాన్సిస్ కుష్ఠరోగుల వద్దకు వెళ్లి వారితో నివసించాడనీ, వారి పుండ్లు కడిగాడనీ చెప్పి, మరణశాసనంలోని మాటలనే సాక్ష్యంగా చూపుతాడు. ఆ తరువాత, ఇంకా లౌకిక వేషంలో ఉన్న రోజుల్లో దారిలో ఒక కుష్ఠరోగి ఎదురైతే ఫ్రాన్సిస్ తనను తాను మించి అతణ్ని ముద్దాడాడని కలుపుతాడు. ఏకవచనం ఇక్కడ ప్రవేశించింది. అయితే అది బహువచనం వెనుక, ఒక అనుబంధంగా వచ్చింది.

రెండవ చరిత్రలో క్రమం తలకిందులైంది. ముందుగా ఒక్క రోగి వస్తాడు. ఫ్రాన్సిస్ అస్సీసి దగ్గర గుర్రం మీద వెళుతుండగా అతడు ఎదురవుతాడు. ఫ్రాన్సిస్ గుర్రం దిగి ముద్దాడబోతే, రోగి ఏదో ఆశించినట్లు చేయి చాపుతాడు. అతనికి డబ్బూ ముద్దూ రెండూ దక్కుతాయి. మళ్లీ గుర్రమెక్కి చుట్టూ చూస్తే, ఏ అడ్డూ లేని ఆ బయలులో అతడు ఎక్కడా కనబడడు. కుష్ఠరోగుల ఆశ్రయానికి వెళ్లడం కొద్దిరోజుల తరువాతి సంగతిగా వస్తుంది. సమూహం ఇంకా ఉంది. కానీ కథకు కీలకం మాయమైన వ్యక్తి దగ్గరకు మారింది.

రెండు చరిత్రల రచయితా ఒకడే కావడం ఇక్కడ విలువైన సాక్ష్యం. ఇరవై ఏళ్లు కూడా గడవకముందే ఒకే చేయి ఒకే సంఘటనను రెండు విధాలుగా రాసింది. కాబట్టి ఈ తేడాకు రచయిత స్వభావం కారణం కాజాలదు. రచనా సందర్భంలోనే దాన్ని వెదకాలి. మొదటి చరిత్ర రాసేనాటికి ఫ్రాన్సిస్‌ను చూసినవారు చుట్టూ ఉన్నారు. రెండవది రాసేనాటికి ఆయనను చూడని తరం సభలో నిండింది. వారికి అద్భుతంతో కూడిన ఆదర్శం కావాలి. ‘ముగ్గురు సహచరుల చరిత్ర’లోనూ గుర్రం, నాణెం, ముద్దు ఉన్నాయి, రోగి మాత్రం మాయం కాడు. పైగా అక్కడ రోగి కూడా ఫ్రాన్సిస్‌కు శాంతి చుంబనం ఇస్తాడు. అంటే ఆ కాలంలోనే మరో కథనం సాధ్యమయింది.

బొనవెంతూర ఈ సన్నివేశాన్ని రెండవ చరిత్ర నుంచి తీసుకొని దానికి శిల్పపరమైన పరిపూర్ణత ఇచ్చాడు. క్రీస్తు వీరుడు కావాలంటే ముందు తనను తాను జయించాలన్న సంకల్పం ఫ్రాన్సిస్‌కు గుర్తుకొస్తుంది. దిగుతాడు, ముద్దాడతాడు, దానమిస్తాడు, ఎక్కుతాడు. బయలు నలుదిక్కులా శూన్యం. ఆశ్చర్యానందాలతో స్తుతిగీతం పాడతాడు. మరణశాసనంలో కుష్ఠరోగులు మార్పుకు కారణం. ఇక్కడ మార్పు అప్పటికే మొదలైంది. రోగి దానికి పరీక్ష. చేదు తీపిగా మారిన అనుభవం ఒక విజయంగా పరిణమించింది. తాను అన్నిచోట్లా కాలక్రమాన్ని పాటించలేదనీ, విషయాలను బట్టి అమర్చాననీ బొనవెంతూర పీఠికలోనే నిజాయితీగా చెప్పుకున్నాడు. సద్గుణాల సోపానంగా కట్టిన నిర్మాణంలో ప్రతి సంఘటనా ఒక మెట్టు కావలసిందే.

బొనవెంతూర కుష్ఠరోగుల సేవను తీసివేశాడని అనడం అన్యాయం. ఫ్రాన్సిస్ వారి పాదాలు కడిగి, పుండ్లకు కట్లు కట్టిన వర్ణన ఆయన గ్రంథంలో ఉంది. అయితే అక్కడ రోగులు ఫ్రాన్సిస్ వినయాన్ని కొలిచే కొలమానాలు. ఆయన వారికి ఏం చేశాడో తెలుస్తుంది. వారు ఆయనకు ఏం చేశారో, మరణశాసనంలో మొదటి మాటగా నిలిచిన ఆ సంగతి, తెలియదు.

నియమావళిలోనూ చిత్రాల్లోనూ

ఈ పరిణామం కథనానికే పరిమితమై ఉంటే దాన్ని అలంకారపు మార్పుగా సరిపెట్టుకోవచ్చు. సభ నియమావళిలోనూ అదే జరిగింది. 1221 నాటి నియమావళి తొమ్మిదవ అధ్యాయం, సోదరులు అల్పులు, పేదలు, బలహీనులు, రోగులు, కుష్ఠరోగులు, దారిపక్క బిచ్చగాళ్ల మధ్య బతుకుతున్నప్పుడు సంతోషించాలంటుంది. కుష్ఠరోగులకు అత్యవసరమైతే వారి కోసం భిక్షమెత్తవచ్చని ఎనిమిదవ అధ్యాయం అనుమతిస్తుంది. పోపు ఆమోదం పొందిన 1223 నియమావళిలో కుష్ఠరోగుల ఊసే లేదు. మరణశాసనాన్ని నియమావళితోపాటు ఉంచుకోవాలనీ, దానికి వ్యాఖ్యానాలు చేర్చవద్దనీ ఫ్రాన్సిస్ కోరాడు. 1230లో పోపు గ్రెగొరీ ఆ శాసనానికి సభ చట్టపరంగా కట్టుబడనక్కరలేదని ప్రకటించాడు. ఈ వెలుగులో చూస్తే, మరణశాసనం కుష్ఠరోగులతో మొదలవడం జ్ఞాపకంతోపాటు హెచ్చరిక కూడా కావచ్చుననిపిస్తుంది.

చిత్రకళ మరో సాక్ష్యం. ఫ్లారెన్స్‌లోని సాంత క్రోచె గుడిలో ‘బార్ది ఫలకం’ అనే పదమూడవ శతాబ్దపు చిత్రం ఉంది. ఫ్రాన్సిస్ నిలువెత్తు రూపం చుట్టూ ఆయన జీవితంలోని ఇరవై ఘట్టాలు చిత్రించిన ఆ ఫలకంలో కుష్ఠరోగుల సేవ ఒకటి. అందులో రోగులు బహువచనంలోనే ఉన్నారు. ఆ తరువాత అస్సీసి పై బసిలికాలో పెద్ద చరిత్రను అనుసరించి ఇరవై ఎనిమిది కుడ్యచిత్రాలు వేశారు. బిచ్చగాడిలా మారిన వీరుడికి అంగీ ఇవ్వడం, శిలువ పలకడం, పక్షులకు బోధించడం అన్నీ అక్కడ ఉన్నాయి. కుష్ఠరోగి లేడు. గ్రంథంలో బయలు నుంచి అదృశ్యమైనవాడు గోడమీద అసలు కనిపించనే లేదు.

మాయమయ్యే అతిథి: శైవ కథతో పోలిక

తెలుగు పాఠకుడికి మాయమయ్యే అతిథి కొత్తవాడు కాదు. దాదాపు ఇదే శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు ద్విపదలో ‘బసవపురాణం’ రచించాడు. అందులోని సిరియాళుని కథలో శివుడు తాపస వేషంలో వచ్చి, భక్తుని కొడుకునే ఆహారంగా కోరి, పరీక్ష ముగిశాక నిజరూపం చూపుతాడు. శ్రీనాథుని ‘హరవిలాసం’లోనూ ఈ కథ ఉంది. క్రైస్తవ సంప్రదాయంలో ఇలాంటిదే మార్టిన్ కథ: ఆమియేన్ నగర ద్వారం వద్ద బిచ్చగాడికి సగం అంగీ కోసి ఇస్తే, ఆ రాత్రి కలలో క్రీస్తు దాన్ని ధరించి కనిపించాడు. అల్పులకు చేసినది తనకే చేసినట్లని మత్తయి సువార్త ఇరవై అయిదవ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన మాట ఇలాంటి క్రైస్తవ కథలకు మూలం.

ఈ నేపథ్యంలో నా వాదానికి ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. కుష్ఠరోగి మాయమవడం అతణ్ని చెరిపివేయడం కాదు, అతణ్ని దైవంగా గుర్తించడం. అంతకుమించిన గౌరవం ఏముంటుందని అడగవచ్చు. ఆక్షేపణలో సత్యముంది. తిరస్కృతుడైన రోగిలో దేవుణ్ని చూపడం మధ్యయుగ సమాజంలో చిన్న విషయం కాదు.

అయినా పోలికలోనే భేదం బయటపడుతుంది. సిరియాళుని ఇంటికి వచ్చిన తాపసి కథ మొదటి నుంచీ శివుడే. వేషం తొలగితే అక్కడ తగ్గిపోయే మనిషి ఎవరూ లేరు. ఫ్రాన్సిస్ విషయంలో సన్నివేశానికి ముందే మరణశాసనం ఉంది. అందులో ఎవరి వేషమూ కాని మనుషులు ఉన్నారు. వారి పుండ్లు మరునాడూ ఉంటాయి, ఆకలి మరునాడూ వేస్తుంది. దైవం వేషం చాలించి వెళ్లిపోవచ్చు, రోగి వెళ్లలేడు. అతిథి మాయమైనప్పుడు పునీతుడికి మిగిలేది ఆనందం. రోగి మిగిలిపోతే పునీతుడికి మిగిలేది మరునాటి పని. రెండవ కథనం నుంచి మొదటి కథనానికి మారినప్పుడు సహవాసం స్థానంలో సంఘటన వచ్చింది.

సహచరుల జ్ఞాపకాలుగా ప్రసిద్ధమైన ‘అస్సీసి సంకలనం’ మరో ఘట్టాన్ని కాపాడింది. సరళుడని పేరున్న సోదరుడు జేమ్స్ ఒక కుష్ఠరోగిని పొర్జియుంకొలకు తీసుకువస్తాడు. అలా తీసుకురావడం తగదని ఫ్రాన్సిస్ జేమ్స్‌ను మందలిస్తాడు. ఆ మాట విని రోగి సిగ్గుపడ్డాడేమోనని వెంటనే నొచ్చుకొని, అప్పటి సభాధిపతి ఎదుట తప్పు ఒప్పుకొని, ఆ రోగితో ఒకే గిన్నెలో తింటానని తనకు తానే ప్రాయశ్చిత్తం విధించుకుంటాడు. రోగి వేళ్లు నెత్తురోడుతున్నాయి. ఆ వేళ్లే గిన్నెలో పడుతున్నాయి. ఈ కథనంలో రోగికి మనసుంది, అతడు నొచ్చుకోగలడు. పునీతుడు పొరపడగలడు, అదీ తాను ‘క్రైస్తవ సోదరులు’ అని పిలుచుకున్నవారి విషయంలోనే. అద్భుతమేదీ జరగదు, ఇద్దరూ భోజనం చేస్తారు. పెద్ద చరిత్రలో ఈ గిన్నెకు చోటు దొరకలేదు. ‘ఆయనతో ఉన్న మేము’ అని సాక్ష్యమిచ్చే ఇలాంటి ఘట్టాల విలువను రావుల్ మన్సెల్లి 1980లో వెలువరించిన అధ్యయనంలో ప్రత్యేకంగా నిరూపించాడు. కుష్ఠరోగి సన్నివేశం ఆ అభిప్రాయాన్ని బలపరుస్తుంది.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, కుష్ఠరోగి సన్నివేశం బహువచనం నుంచి ఏకవచనానికి, ఏకవచనం నుంచి అదృశ్యానికి సాగింది. రెండు, ఒకే రచయిత రెండు చరిత్రల్లోనూ నియమావళి రెండు పాఠాల్లోనూ ఈ కదలిక కనిపిస్తున్నందున దీన్ని కథన శైలికి మాత్రమే సంబంధించినదిగా భావించలేము. సంఘం స్థిరపడుతున్న కొద్దీ తన ఆరంభాన్ని చెప్పుకునే తీరు మారింది. మూడు, ఈ మార్పు కథానాయకుడిని ఎక్కడా తగ్గించదు కనుక పాఠకుడి కంటపడదు. నాయకుడి ఎదుట ఉన్నవారిని లెక్కించినప్పుడే అది తెలుస్తుంది.

మన భక్త చరిత్రల పరిశోధన ఇంతవరకు ప్రధానంగా నాయకుడి చారిత్రకతను, కథల మూలాలను, ఛందస్సును చర్చించింది. సోమనాథుని ద్విపద ‘బసవపురాణాన్ని’ పిడుపర్తి సోమన పద్యకావ్యంగా మలిచాడు. ఆ పునా రచన వల్ల మూలం నశించలేదు. రెండు పాఠాలూ మనకు దక్కాయి. భక్తుని చుట్టూ ఉన్న సామాన్యులు, వృత్తులవారు, రోగులు, స్త్రీలు ఒక పాఠంలో ఎందరు, మరో పాఠంలో ఎందరు, వారిలో మాటాడేవారెవరు, మౌనంగా ఉండేవారెవరు అన్న ప్రశ్నలతో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంది. ఫ్రాన్సిస్ చరిత్రకారుల విషయంలో ఆ పనికి అయిదు శతాబ్దాలు ఆగవలసివచ్చింది. మన విషయంలో పాఠాలు చేతిలోనే ఉన్నాయి.